తల కప్పే బట్ట

మొదట్లో నా చేతిలో ఏముందో ముందు చెబుతాను. చీరాలలో మా నాన్న పెట్టిన బట్టల కొట్టు, ఆడవాళ్ళందరూ మాట వినే భార్య, తొలి కాన్పుకి వచ్చిన కూతురు హైమ, మా అక్క కూతురు నీలవేణి తెచ్చిచ్చిన ఒక నూలు చిలప, అంటే పోగుల కట్ట. కొత్త సరుకు మొదలుపెట్టేవాడికి ఇది తక్కువ పెట్టుబడేమీ కాదు.

నీలవేణి తల్లి చిన్నప్పుడే పోయింది. నా భార్య కనకరత్నమే దానికి జడలు వేసి, బడికి పంపి, పెద్దదాన్ని చేసింది. ఇప్పుడది హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఆ రోజు బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చి, ఆ చిలపను మెట్ల మీద ఎండలో పరిచింది. కాఫీ తాగాక దాన్ని తీసుకుని వెనకున్న సరుకు గదిలోకి నన్ను లాక్కుపోయి తలుపు మూసింది.

చీకట్లో నూలు వెలుగుతోంది. నీలంగా, నిలకడగా, నీలవేణి ముఖం కనిపించేంత వెలుగు.

"ఎట్టా ఉంది మామయ్యా?"

"ఉతికితే పోద్దా?"

"లోకంలో ఎవరూ చెయ్యంది చేసుకొస్తే నువ్వడిగేది ఇదా?"

"బట్టల కొట్టోణ్ణి, ఇంకేమడుగుతానే. పోద్దా, పోదా?"

"చిరిగిందాకా ఉతుక్కో. పోదు."

తలుపవతల నుంచి కనకరత్నం ఈ మాటలు విని నవ్వింది. "మీ మామయ్య దేవుడు కనపడినా పంచె మూరెంతకి కొన్నావని అడుగుతాడు" అంది.

అప్పుడు నీలవేణి అసలు సంగతి చెప్పింది. ఈ నూలు పగలు ఎండను తాగుతుంది, ఆ తర్వాత నీలి వెలుగును మాత్రమే వదులుతుంది. పుట్టిన పిల్లలకు కామెర్లు వస్తే ఆసుపత్రిలో దీపాల కింద పెట్టేది ఈ వెలుగులోనే. ఒంట్లో పేరుకున్న పసుపును అది విరగ్గొట్టి బయటకు పంపేస్తుంది. ఆసుపత్రిలో అయితే బిడ్డ అద్దాల పెట్టెలో, తల్లి వరండాలో. ఈ బట్ట ఉంటే కరెంటు అక్కర్లేదు, బిడ్డ తల్లి పక్కనే ఉంటుంది.

నీలవేణి తయారుచేసింది చాప. నేను వద్దన్నాను. "చాప మీద బిడ్డను పడుకోబెట్టి కాపలా కూర్చునే తీరిక మన ఆడోళ్ళకి యాడిది? ఉయ్యాల గుడ్డ చెయ్యి. దూలానికి కట్టుకుంటారు, ఊపుకుంటా పని చేసుకుంటారు."

జాండ్రపేట మగ్గాల మీద నేయించాం. బట్ట మెత్తగా వచ్చింది. ఉయ్యాలలో వేస్తే బిడ్డకు కింద, పక్కల, తల దగ్గర, అన్నివైపులా వెలుగే. దీపాల కంటే తొందరగా పసుపు దిగుతోందని గుంటూరు ఆసుపత్రిలో పరీక్షించి చూసినప్పుడు తేలింది. ఆ రోజు కొత్త గుడ్డలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. ఒక ఉయ్యాలలో బిడ్డ గడ్డం అదురుతోంది, పిడికిళ్ళు వణుకుతున్నాయి. నీలవేణి వెంటనే బిడ్డను బయటకు తీయించి, రక్తం పరీక్షకు పంపింది. చీటీ రాగానే దాని ముఖం మాడిపోయింది.

"కాల్షియం పడిపోయింది మామయ్యా. మీ భాషలో సున్నం."

"వెలుక్కీ సున్నానికీ ఏం సంబంధమే?"

నీలవేణి ఫోనులో లైటు వేసి తన అరచేతి కింద పెట్టింది. వేళ్ళ సందులు ఎర్రగా వెలిగాయి.

"పుట్టిన బిడ్డ పుర్రె ఇంతకన్నా పల్చన. వెలుగు లోపలికంటా పోద్ది. మెదడు మధ్యలో చీకటిని కనిపెట్టే గ్రంథి ఒకటుంది. దానికి చీకటే అందకపోతే పని మానేస్తది. అది మానేస్తే ఎముకలు అదుపు తప్పి రక్తంలో ఉన్న కాల్షియం లాగేసుకుంటాయి. రక్తంలో తగ్గితే ఈ వణుకు. ఇంకా తగ్గితే మూర్ఛలు. ఊపిరి కూడా ఆగొచ్చు."

ఆసుపత్రి దీపాల కింద కూడా ఇది కొందరు పిల్లల్లో వచ్చేదేనట. మన ఉయ్యాలలో వెలుగు అన్నివైపులా ఉంది కాబట్టి ఎక్కువమందికి వస్తోంది. నీలవేణి చిక్కటి నల్ల బట్టతో టోపీ కుట్టించి పిల్లల తలలకు పెట్టింది. కాల్షియం తగ్గడం ఆగిపోయింది. వణికిన బిడ్డకు మందిచ్చారు, కోలుకుని ఇంటికి వెళ్ళాడు. అప్పటి నుంచి ప్రతి ఉయ్యాల గుడ్డతోపాటు ఒక నల్ల టోపీ పెట్టి కొట్టులో అమ్మాం. కవరు మీద, 'ఉయ్యాలలో ఉన్నంతసేపూ బిడ్డ తల కప్పి ఉంచాలి' అని అచ్చువేయించాం. ఎందుకు కప్పాలో వేయలేదు. తల్లి చేతికిచ్చే వస్తువు మీద మూర్ఛ అనే మాట ఎలా వేస్తామని నీలవేణి అంది. నాకూ సబబే అనిపించింది.

హైమకు మగపిల్లవాడు పుట్టాడు. ఇంటికి తెచ్చిన మర్నాటికి కళ్ళు పచ్చబడ్డాయి. డాక్టరు రక్తం చూసి, "మీ ఇంట్లోనే మందుంది కదండీ, ఉయ్యాలలో వేయండి, ఎల్లుండి మళ్ళీ చూపించండి" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. నా సరుకు నా ఇంటికీ పనికొచ్చింది.

కనకరత్నం కవరు విప్పి టోపీ పట్టుకుని చూసింది.

"ఇదీ కొత్త గుడ్డే కదయ్యా. గంజి కూడా పోలా."

"తలకి పెట్టాలంట."

"పురుడెళ్ళకుండా బిడ్డకి కొత్త గుడ్డ తగలనిస్తామా? ఇన్నేళ్ళు బట్టలమ్మావు, ఇది తెలీదా నీకు?"

తెలుసు. మా వైపు పురుడు వెళ్ళేదాకా బిడ్డకు పాత బట్టే. ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయిన బట్ట. అందులోనూ నిండు నూరేళ్ళకు దగ్గరగా బతికినవాళ్ళ బట్టయితే మరీ మంచిది. మా నాన్న తొంభై దాటి బతికాడు. ఆయన మల్లు పంచె పెట్టెలో ఉంది. కనకరత్నం దాన్ని కత్తిరించి, కుట్లు కూడా బిడ్డకు గుచ్చుకోకుండా పైకి తిప్పి, నాడాలు పెట్టి చక్కటి టోపీ కుట్టింది. నల్ల టోపీని పురుడునాటి కోసం బీరువాలో పెట్టింది.

మంచం మీంచి హైమ అంది, "అమ్మా, నీలవేణి వదిన ఏం చెప్పిందో చూసుకో."

"తల కప్పమంది. కప్పా. ఒక్క వెంట్రుకన్నా కనపడతందేమో చూడు నువ్వే. తాత ఆయుస్సు తలమీదే ఉంది నా బంగారానికి."

పొద్దున్నే నీలవేణి ఫోను చేసింది. "టోపీ పెట్టారా మామయ్యా?"

"పెట్టాం" అన్నాను. అది నిజమే.

తర్వాత జరిగింది నేను కొట్టులో ఉండగా జరిగింది. బిడ్డ నిద్రలో చేతులు అదిలిస్తుంటే కనకరత్నం చూసి ముచ్చటపడిందట. నిద్రలో పిల్లల్ని దేవుడు ఆడిస్తాడని మావాళ్ళ నమ్మకం. కాసేపటికి బిడ్డ పాలు తాగలేదు. హైమ ఉయ్యాల్లోంచి తీసి వాకిట్లోకి, ఎండలోకి వచ్చింది. అప్పటికి గానీ బిడ్డ పెదాలు నల్లబడ్డట్టు ఎవరికీ తెలియలేదు. నీలి వెలుగులో అన్నీ నీలంగానే ఉంటాయి కదా. ఒళ్ళు కర్రలా బిగుసుకుంది. నేను కొట్టు తలుపులు కూడా వేయకుండా పరిగెత్తాను.

ఆసుపత్రిలో కాల్షియం ఎక్కించారు. ఒకసారి ఆగిన ఊపిరి మళ్ళీ వచ్చింది. రెండోసారి రాలేదు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు. ఆసుపత్రి కాగితంలో హైమ కొడుకు అని ఉంది.

నీలవేణి మర్నాడు వచ్చింది. ఏడవలేదు. కాగితాలన్నీ చదివి నన్ను పక్కగదిలోకి పిలిచింది.

"కాల్షియం ఇంతగా పడిపోకూడదు మామయ్యా. టోపీ పెట్టామన్నావుగా?"

"పెట్టాం."

"ఏదీ?"

బీరువా తెరిచాను. వెండి మొలతాడు, కాటుక భరిణె, పురుడునాటికని దాచిన చొక్కా, వాటి పక్కన నల్ల టోపీ, మడత విప్పకుండా. నీలవేణి దాన్ని చూసింది. నన్ను చూసింది.

"మరి వాడి తలమీద ఉన్నదేంది?"

పంచె టోపీ తెచ్చి ఇచ్చాను. ఇచ్చేటప్పటికే నాకు అర్థమైంది. బట్టల వ్యాపారిని, గుడ్డను వేళ్ళతో పట్టుకుంటే దాని పోగు చెప్పగలను. ఆ పంచె ఉల్లిపొరలా ఉంది. నీలవేణి ఉయ్యాల గుడ్డను ఎండలో పెట్టి తెచ్చి, గది తలుపు మూసి, టోపీలో చెయ్యి దూర్చి దాని మీద ఆనించింది. టోపీ లోపల నీలవేణి అయిదు వేళ్ళూ నీలంగా కనిపించాయి.

వంటింట్లోంచి కనకరత్నం గొంతు వినిపించింది. "నీలవేణీ, నిన్నట్నుంచి ఏం తిన్లేదంట. రామ్మా, రెండు ముద్దలు తిని పో."

నేను నీలవేణి చెయ్యి పట్టుకున్నాను. "మీ అత్తయ్యకి తెలీకూడదు."

"మామయ్యా, ఆ ఉయ్యాలలు ఇంకెన్నో ఇళ్ళల్లో ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో కూడా పురుడు కాలేదు."

ఆ మాట అప్పటిదాకా నాకు తట్టలేదు. ఈ ఆచారం మా ఇంటిది ఒక్కటే కాదు. ఇక్కడ నల్ల టోపీ ఎవరు పెట్టి ఉంటారు?

"మనిద్దరం పోదాం. ప్రతి ఇంటికీ పోదాం" అన్నాను. "నల్లదే పెట్టమందాం. ఎందుకని అడిగితే ఆసుపత్రోళ్ళు చెప్పారందాం. మీ అత్తయ్య పేరు రాకుండా చూద్దాం. ఆమె చేతుల్లో పెరిగావు, ఆ మాత్రం చెయ్యవా?"

"చేస్తా" అంది. అప్పుడేడ్చింది.

మొదట వెళ్ళింది జాండ్రపేటలో మస్తానమ్మ ఇంటికి. మా సరుకు నేసే ఇల్లే. మనవరాలు ఉయ్యాలలో ఉంది, తలకు వెలిసిపోయిన చీర ముక్క కట్టి ఉంది. నీలవేణి వంగి చూసి, అడక్కుండానే బిడ్డను బయటకు తీసింది. పిడికిళ్ళు వణుకుతున్నాయి.

"ఏందమ్మాయ్, నిద్రపోయే పిల్లని లేపుతున్నావు?" అని మస్తానమ్మ మగ్గం దిగి వచ్చింది.

"తలకి ఈ గుడ్డ పనికిరాదు పెద్దమ్మా. నల్ల టోపీ పెట్టాలి. పిల్లని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలి."

"పురుడు కాకుండా కొత్త గుడ్డ పెట్టమంటున్నావా? చదువుకున్నదానివి, నీకేం తెలుస్తది. మీ అత్త రత్నమ్మగారే చెప్పింది. ఉయ్యాల కొన్నప్పుడు నేనడిగాను, టోపీ కొత్తది, ఎట్టా అని. అది దాచుకో మస్తానమ్మా, మెత్తటి పాత గుడ్డ కట్టు, మా హైమ కాన్పుకీ నేనట్టాగే చేస్తా అంది. కొన్నోళ్ళందరికీ అదే చెప్పింది."

నీలవేణి నా వైపు చూడలేదు.

"పోనీ ఉయ్యాల తిరిగి ఇచ్చెయ్" అన్నాను.

"ఎందుకిస్తా? పసుపు దిగతంది, కళ్ళు చూడు. టోపీ మార్చాలంటే రత్నమ్మగార్నే వచ్చి చెప్పమను. పురుడు సంగతి మగోడివి నువ్వు చెబితే వింటానా ఏంది శెట్టిగారూ?"

కోడలు భయపడి బిడ్డను ఆసుపత్రికి తీసుకొచ్చింది. కాల్షియం ఎక్కించారు. ఆ పిల్ల బతికింది. మిగతా ఇళ్ళల్లో మాకు దొరికిన జవాబు ఒకటే. రత్నమ్మగారు చెప్పారు. రత్నమ్మగారు చెబితే మారుస్తాం. ఉయ్యాలలన్నీ వెనక్కి తీసుకుందామంటే ఆ పిల్లల ఒంట్లో పసుపు మెదడుకెక్కితే ఎవరు జవాబుదారీ అంది నీలవేణి.

దారిలో ఆటోలో కూర్చుని బేరం ఆడుకున్నాను, నాతో నేనే. ఒక పక్క ఆ పిల్లలు. ఇంకో పక్క నా భార్య ప్రశాంతంగా తినే అన్నం. ఏ వైపు నుంచి చూసినా ఒకటిచ్చి ఒకటి తెచ్చుకోవాల్సిందే. ఊళ్ళో చెల్లే మాట ఆమెది ఒక్కటే. ఆమె ఆ మాట చెప్పాలంటే ఆమెకు తెలియాలి.

పెరట్లో కనకరత్నం బిడ్డ గుడ్డలు మడతపెడుతోంది. వాటినిక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఉతికి ఆరేసింది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. వెలుగు, పుర్రె, గ్రంథి, సున్నం, పంచె. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు.

చేతిలో మడత ఆపకుండానే అడిగింది, "తల కప్పమని రాశారు కదా."

"రాశాం."

"కప్పాను."

"కప్పావు."

"వెలుగు పోకూడదని రాయలా."

"రాయలా."

మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది. ఇంకోటి తీసుకుంది. "లోపల పాతది పెట్టి, పైన ఆ నల్లది పెట్టుంటే సరిపోయేదిగా. ఒంటికి తగిలేది పాతదేగా. పైన ఏదుంటే ఏం?"

గుమ్మంలో నిలబడి నీలవేణి కూడా విన్నది. పరిశోధనశాలలో అంతమంది పెద్దవాళ్ళకు, ఇన్నేళ్ళు కొట్టు నడిపిన నాకు తట్టని మాట అది.

"ఆ ఒక్క ముక్క చెప్పుంటే పెట్టేదాన్నిగా నీలవేణీ" అంది కనకరత్నం. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

హైమకు తనే చెప్పింది. గదిలో తల్లీ కూతుళ్ళు మాట్లాడుకున్నది నాకు వినపడలేదు. బయటకు వచ్చాక చెప్పులు వేసుకుని, "పద, ముందు జాండ్రపేట" అంది.

ప్రతి గడపలోనూ ఒకటే చెప్పింది. "నేను పాత గుడ్డ ఒక్కటే కట్టాను. వెలుగు లోపలికి పోయి నా మనవడు పోయాడు. మీరు పాతదాని మీద నల్లది పెట్టండి. పాతది లోపలుందిగా, తప్పు లేదు. ఏదన్నా దోషముంటే నాకే తగలనియ్యండి."

"మన సంగతి ఎందుకు చెప్పటం?" అన్నాను నేను. "టోపీ సంగతి చెబితే చాలదా?"

"నిన్న మొన్నటిదాకా ఒక మాట చెప్పి, ఇవ్వాళ ఇంకోటి చెబితే ఎందుకని అడగరా? నువ్వు చెబుతావా సమాధానం?"

వేటపాలెంలో ఒకావిడ చేటతో అడ్డం పడింది. "మనవణ్ణి పోగొట్టుకుని పురిటింటికొస్తావా తల్లీ? ఆ మాట మా గడపలో ఎత్తొద్దు, వెళ్ళు." కనకరత్నం వీధిలో నిలబడే చెప్పాల్సింది చెప్పింది, లోపలికి వినపడేట్టు. మర్నాడు నీలవేణి వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో బిడ్డ తలమీద నల్ల టోపీ ఉంది, కింద పాత గుడ్డ అంచు కనిపిస్తోంది.

ఒక్కో ఇంటి నుంచి వచ్చినప్పుడల్లా ఆమె గొంతు కొంచెం కొంచెం తగ్గింది. ఆఖరి ఇంటికి వచ్చేసరికి ఆ మాటలు నాకే సరిగ్గా వినిపించలేదు. అవతలివాళ్ళకు మాత్రం వినిపించాయి.

ఇక మిగిలింది చెబుతాను.

నీలవేణి ఇప్పుడు తల దగ్గర ఆ నూలు లేకుండా నేయిస్తోంది. కవరు మీద మూర్ఛ అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంది, రెండు గుడ్డలూ ఎలా కట్టాలో బొమ్మ కూడా ఉంది. భయపడి ఎవరూ కొనరనుకున్నాం. కొంటున్నారు. ఆ తర్వాత ఏ ఉయ్యాలలోనూ బిడ్డ చెయ్యి వణికినట్టు కబురు రాలేదు. మగ్గాలు ఆడుతున్నాయి. పల్లెల్లో తల్లులు ఆసుపత్రి వరండాల్లో పడుకోవడం తగ్గింది.

హైమ అత్తగారింటికి వెళ్ళిపోయింది. నాకు ఫోను చేస్తుంది. కొట్టు ఎలా ఉంది, నీ మోకాలు నొప్పి ఎలా ఉంది అని అడుగుతుంది. అమ్మ ఎలా ఉందని అడగదు. నేను ఫోను స్పీకరులో పెడతాను. కనకరత్నం పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి వింటుంది, ఉన్నట్టు తెలియనివ్వదు.

మొన్న మస్తానమ్మ మనవరాల్ని ఎత్తుకుని కొట్టుకొచ్చింది. బొద్దుగా ఉంది, బల్ల మీద దొంతరలన్నీ లాగిపారేసింది. "ఒక్కసారి ఎత్తుకో రత్నమ్మా, నీవల్ల బతికిన పిల్ల" అని చేతుల్లో పెట్టబోయింది. కనకరత్నం రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. "పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చాను" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి చూశాను. పొయ్యి వెలిగించి లేదు. ఆమె గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

లాభం వచ్చిందా అని నన్ను ఎవరన్నా అడిగితే లేదని అనను, అది అబద్ధమవుతుంది. వచ్చింది. జాండ్రపేటకు వచ్చింది, వేటపాలేనికి వచ్చింది, నేనెప్పుడూ చూడని ఊళ్ళకు కూడా వెళ్ళింది. మా ఇంటికి మాత్రం రాలేదు.